రిజిస్ట్రేషన్ కాని ఇంట్లో

ఏప్రిల్ 17

అడ్వాన్సు ఇచ్చేశాం.

పెళ్ళయిన నాటి నుంచి అద్దె కొంపలే. ఇక సొంతం. కోటేశ్వరరావు గారి ఇల్లు... రెండు గదులు, హాలు, ముందు వరండా, వెనక పంపు. ఆయన పల్లెలో మిర్చీ, పత్తీ పండించే రైతు. పిల్లల చదువుల కోసం సత్తెనపల్లిలో ఈ ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళ చదువులయిపోయాయి, అమ్మేస్తానంటున్నాడు. మా ఆయన గుమాస్తాగా చేసే జిన్నింగు మిల్లుకి పత్తి తోలిన పరిచయం. "మనవాడేనే, మనవాడేనే" అని వారం నుంచి ఒకటే పాట.

అగ్రిమెంటు మీద సంతకాలయ్యాయి. ఒరిజినల్ దస్తావేజు ఏదండీ అని అడిగాను. "ఊళ్ళో బీరువాలో ఉందమ్మా, భద్రంగా. రిజిస్ట్రేషను నాటికి తెస్తాగా." జిరాక్సు కాపీ చేతిలో పెట్టాడు. ఈయన నా వంక గుడ్లురిమి చూశాడు. అడక్కూడనిదేదో అడిగినట్టు.

అడ్వాన్సు కోసం గాజులు అమ్మేశాక చేతులు తేలిగ్గా ఉన్నాయి. అమ్మ చూస్తే ఏమంటుందో.

ఏప్రిల్ 20

బ్యాంకుకి వెళ్ళాను. మిగతా సొమ్మంతా వాళ్ళివ్వాల్సిందే. లోను నా పేరు మీదే... జీతం స్లిప్పు ఉన్నది నాకు గనక. ఆస్పత్రిలో ఇన్నేళ్ళు నర్సుగా చేసినందుకు ఈ ఇంట్లో నాకు దక్కిన మర్యాద ఇది, అప్పు నా పేరున పెట్టడం.

ఫీల్డాఫీసరు కుర్రాడే, మంచివాడే. జీతం సర్టిఫికెట్టు, ఇద్దరు హామీదార్లు, ఇంటి మీద అప్పుల్లేవని ఇ.సి., ఒరిజినల్ దస్తావేజు, దాని మీద లాయరు గారి ఒపీనియను... చెప్తూనే ఉన్నాడు. నరసరావుపేటలో వాళ్ళ లాయరు ఉన్నాడట.

"ఆ లాయరు నా తరఫునా, మీ తరఫునా?"

"బ్యాంకు తరఫునమ్మా."

"మరి ఫీజు?"

"అది మీరే కట్టాలి."

బాగుంది సంబడం. మరి నా మంచిచెడ్డలు ఎవరు చూస్తారండీ అంటే నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

ఏప్రిల్ 21

డ్యూటీలో తోటి నర్సు మేరీకి చెప్పాను. రెండేళ్ళ క్రితం చీరాలలో ఇల్లు కొన్న అనుభవం దానికి ఉంది. "నీకంటూ వేరే లాయర్ని పెట్టుకో అక్కా. బ్యాంకు లాయరు బ్యాంకు డబ్బు మునక్కుండా చూస్తాడు. నువ్వు మునిగితే ఆయనకేంటి?" అంది.

ఈయనతో అన్నాను. "ఒక ఇంటికి ఇద్దరు లాయర్లేంటే? మనమేమన్నా మిల్లు కొంటున్నామా?" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 25

ఈయన నోట్లో నువ్వుగింజ నానదు. ఇల్లు కొంటున్నామని ఈ అద్దింటి ఓనరుకి గొప్పగా చెప్పి వచ్చాడు. ఓనరు ఆ మర్నాడే వేరేవాళ్ళ దగ్గర అడ్వాన్సు పుచ్చుకున్నాడు. మే పదికల్లా ఖాళీ చెయ్యాలట.

లోను రాలేదు. ఒపీనియను రాలేదు. దస్తావేజు కంటితో చూడలేదు. ఉన్న ఇల్లు మాత్రం పోయింది. అడిగితే "ఏమీ కాదులే" అంటాడు. ఆయనకి ఎప్పుడూ ఏమీ కాదు. అయ్యేదంతా నాకే.

ఏప్రిల్ 27

అత్తయ్య సిద్ధాంతి గారి దగ్గరికి వెళ్ళొచ్చింది. మూఢం వస్తోందట. అది పోయేసరికి ఆషాఢం. శ్రావణం దాకా గృహప్రవేశానికి ఒక్క మంచిరోజు లేదు. ఉన్నదల్లా మే నాలుగు.

"రిజిస్ట్రేషను కాకుండా పాలు పొంగించడమేంటి అత్తయ్యా?"

"కాగితం ఎప్పుడైనా రాసుకుంటారే. ముహూర్తం మళ్ళీ వస్తదా?"

వీధిలో సగం మంది ఇలాగే చేశారట. పేర్లు కూడా చెప్పింది. కోటేశ్వరరావు గారికి కబురు పెడితే సాయంత్రానికే తాళాలు తెచ్చిచ్చాడు. "ఇల్లు మీదే అనుకోండమ్మా" అన్నాడు. అనుకోవడానికేం, కలెక్టరు బంగళా కూడా మాదే అనుకోవచ్చు.

పైకి అనలేదు. కాఫీ ఇచ్చాను.

మే 4

పాలు పొంగాయి. తూర్పు వైపుకే పొంగాయని అత్తయ్య మురిసిపోయింది. మిల్లు వాళ్ళు, ఆస్పత్రి వాళ్ళు, వీధి వాళ్ళు. పులిహోర, చక్రపొంగలి చాల్లేదు.

కోటేశ్వరరావు గారు ఒక్కడే వచ్చాడు. తిన్నాడు. వరండా గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. దస్తావేజు తెచ్చారా అందామని దగ్గరికి వెళితే చెప్పులేసుకున్నాడు.

అందరూ వెళ్ళాక వంటింట్లో కూర్చున్నాను. ఎవరింట్లో కూర్చున్నాను నేను?

మే 7

పోస్టుమాన్ గేటు దగ్గర... "కోటేశ్వరరావు గారిల్లేగా ఇది?"

అవునన్నాను. ఇంకేమంటాను.

మే 9

ఇ.సి. వచ్చింది. పదమూడేళ్ళలో ఈ ఇంటి మీద ఏ అప్పూ లేదట. హమ్మయ్య. ఈయన ఆ కాగితాన్ని నా మొహం ముందు ఆడించి, "చూశావా, ఊరికే హడలి చస్తావు" అన్నాడు. ఇవాళ అన్నం రుచిగా తిన్నాను. చాలా రోజులైంది.

మే 12

నరసరావుపేట. ఎండకి బస్సులో కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలింది.

లాయరు గారు పెద్దాయన. జిరాక్సు వెలుగులో పెట్టి చూశాడు.

"ఒరిజినల్ ఏదమ్మా?"

"వాళ్ళ ఊళ్ళో బీరువాలో ఉందండీ."

"ఆ బీరువా మీరు చూశారా?"

ఇ.సి. ముందుకి తోశాను. అప్పులు లేవని ఉంది కదండీ.

"రిజిస్టరైన అప్పులు లేవని ఉంది. నోటిమాట మీద తీసుకున్నవి ఇందులో ఎక్కవు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఇది చెప్పండి. మీ కోటేశ్వరరావు మిర్చి ఏ కొట్టుకి తోలతాడు?"

ఇంటికీ మిర్చికీ సంబంధమేంటా అని బిక్కమొహం వేశాను. ఆయన చెప్పాడు... గుంటూరు యార్డులో కమిషన్ కొట్టు వాళ్ళు రైతుకి విత్తనాలకీ పురుగుమందులకీ డబ్బు సర్దుతారు. రైతు కాయలు వాళ్ళ కొట్టుకే తోలి తీర్చుకుంటాడు. ఏడాది దెబ్బతిని బాకీ మిగిలిపోతే, నమ్మకానికని ఇంటి దస్తావేజు తీసుకెళ్ళి కొట్లో ఇచ్చి వస్తాడు. పత్రం ఉండదు, సాక్షి ఉండడు. అడిగేవాడికీ ఇచ్చేవాడికీ అది పరువు విషయం.

"మీ ఇల్లు అలా ఉందని నేననను. ఒరిజినల్ చూడకుండా మాత్రం ఒపీనియను ఇవ్వను. అది లేకపోతే బ్యాంకు లోనివ్వదు. ఇంకా నయం, మీరు ఇంట్లో దిగలేదు."

దిగామండీ అన్నాను.

"పాలు పొంగించారా?"

తలూపాను. ఆయన జిరాక్సు మడిచి నా చేతిలో పెట్టేశాడు.

మే 13

ఈయనతో గొడవ. కోటేశ్వరరావు గారిని ఏ కొట్టుకి తోలతారో అడగమన్నాను.

"ఒక రైతుని పట్టుకుని నీ దస్తావేజు తాకట్టులో ఉందా అని అడుగుతారటే? ఆయన మొహం నాకెట్టా చూపిస్తాడు?"

"ఆయన మొహం సరే. రేపు వీధిలో సామాను పెడితే మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?"

కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. భయం ఆయనకీ ఉంది. ఉందని ఒప్పుకుంటే నేను గెలిచినట్టవుతుంది, అందుకే ఒప్పుకోడు.

మే 15

అడ్వాన్సు వెనక్కి తీసుకుని తప్పుకుందామా అన్నాను. అత్తయ్య గుండె మీద చెయ్యేసుకుంది. "పాలు పొంగించిన ఇంట్లోంచి గిన్నెలు బయటపెడతారటే? ఈ ఇంటికి అరిష్టం కాదూ?"

పాత ఇంట్లో కొత్తవాళ్ళు దిగారు. నిన్న అటు వెళ్తుంటే నా కిటికీలో వాళ్ళ కర్టెను చూశాను.

వెనక్కి దారి లేదు. ముందుకి దస్తావేజు లేదు.

మే 19

కారు ఆగింది. తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూతి. నేనూ అత్తయ్యే ఉన్నాం. గేటు తనే తీసుకుని లోపలికొచ్చాడు. నన్ను చూడలేదు. ఇంటిని చూశాడు... పైకప్పు, కిటికీలు, గడప. ద్వారబంధం మీద వేళ్ళతో కొట్టి చూశాడు. సంతలో ఎద్దుని చూసినట్టు.

"మీరెవరమ్మా?"

"ఇల్లు కొనుక్కున్నవాళ్ళం."

"కొనుక్కున్నారా? ఎవరి దగ్గర?"

చెప్పాను. ఆయన అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. గ్లాసు ఇస్తుంటే నీళ్ళు తొణికి ఆయన పంచె మీద పడ్డాయి. ఏమీ అనలేదు. తాగి, తువ్వాలుతో మూతి తుడుచుకుని అప్పుడు చెప్పాడు. పేరు రంగయ్య. గుంటూరులో కమిషన్ కొట్టు.

"దస్తావేజు నా దగ్గరుందమ్మా. మూడేళ్ళ నుంచి. ఆడవాళ్ళు, మీకు తెలియక దిగారు. నేను మిమ్మల్ని ఏమీ అనను. కానీ నా బాకీ తీరకుండా ఇల్లు చేతులు మారితే చూస్తా కూర్చోను."

మర్యాదగానే అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. కారు వెళ్ళాక గేటుకి తాళం వేశాను. పట్టపగలు.

మే 20

కోటేశ్వరరావు గారిని ఈయనే పట్టుకొచ్చాడు. సిగ్గు, పరువు అన్నీ ఎటు పోయాయో.

వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. "కాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టానమ్మా. ధర వస్తదని. రాగానే అమ్మి, కాయితం విడిపించి, ఎవరికీ తెలీకుండా మీ చేతిలో పెడదామనుకున్నా. ధర రాలా. రోజురోజుకీ దిగిపోతా ఉంది."

"మాతో ముందే చెప్పొచ్చు కదండీ!" గట్టిగానే అరిచాను. పక్కింటివాళ్ళు గోడ మీంచి చూశారు. చూస్తే చూడనీ.

"చెప్తే మీరు కొనేవోళ్ళా?"

కొనేవాళ్ళం కాదు. అదే కదా నా కోపం.

మే 23

బ్యాంకు: దస్తావేజు చేతికొస్తేనే డబ్బు.

రంగయ్య గారు, ఫోన్లో: డబ్బు చేతికొస్తేనే దస్తావేజు.

ఫీల్డాఫీసరుని బతిమాలాను. ముందు డబ్బిచ్చెయ్యండి, దస్తావేజు నేను తెస్తానన్నాను. "మా మేనేజరు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడమ్మా" అన్నాడు. రంగయ్య గారిని బతిమాలాను. "ముప్పై ఏళ్ళ కొట్టమ్మా, కాగితం వదిలేసి డబ్బు కోసం తిరిగినవాళ్ళని చాలామందిని చూశా" అన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే. మధ్యలో నలిగేది నేను.

మే 24

డ్యూటీలో ఇంజెక్షను ఒకరిది ఇంకొకరికి చెయ్యబోయాను. మేరీ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంటికెళ్ళక్కా" అంది. ఏ ఇంటికి అని ఏడ్చాను.

మే 30

మళ్ళీ నరసరావుపేట. మీరు నా లాయరు కాదని తెలుసండీ, అయినా ఇంకెవర్నడగాలో తెలియదు అన్నాను. ఆ పెద్దాయన తలుపు దగ్గరికి వేసి కూర్చోబెట్టాడు.

ఉపాయం చెప్పాడు. అందరూ ఒకే రోజు, ఒకే చోట. రిజిస్ట్రారాఫీసులో. రంగయ్య గారు దస్తావేజు తెస్తాడు. లాయరు గారు అక్కడే చూసి సరే అంటాడు. బ్యాంకు రంగయ్య గారి పేరున డి.డి. తెస్తుంది. కోటేశ్వరరావు గారు నాకు అమ్మినట్టు సంతకం పెడతాడు, తన సొమ్ము రంగయ్య గారికి ఇవ్వమని బ్యాంకుకీ రాసిస్తాడు. అప్పుడు దస్తావేజు, డి.డి. చేతులు మారతాయి.

"ఇందులో ఎవరు రాకపోయినా పని జరగదు. మిగతావాళ్ళు డబ్బు కోసమో కాగితం కోసమో వస్తారు. కోటేశ్వరరావు ఎందుకొస్తాడో అది ఆలోచించుకోండి."

బస్సంతా ఆలోచించాను. ఇంటి డబ్బంతా రంగయ్య గారికే పోతుంది. మేమిచ్చిన అడ్వాన్సు ఎప్పుడో పొలంలో బోరు వేయించడానికి ఖర్చయిపోయిందట. సంతకం పెట్టాక ఆ మనిషికి ఇల్లూ లేదు, చేతిలో దమ్మిడీ లేదు.

జూన్ 3

బ్యాంకు ఒప్పుకుంది. రంగయ్య గారు ఒప్పుకున్నాడు. కోటేశ్వరరావు గారు... "సరేనమ్మా." అంతే. ఇంకో మాట లేదు.

బేరమాడినా బాగుండేది. తిట్టినా బాగుండేది.

జూన్ 9

గేటు చప్పుడైతే చాలు, గిన్నె చేజారుతోంది. ఇవాళ వచ్చింది పాలవాడు.

జూన్ 12

పదహారో తారీఖు ఖాయం. మూఢంలో రిజిస్ట్రేషనా అని అత్తయ్య సణిగింది. మీ ముహూర్తం చూసే ఇక్కడి దాకా వచ్చాం అన్నాను. అనకూడదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని పక్కకి వెళ్ళింది. పాపం, ఆవిడకి మాత్రం ఏం తెలుసు. తర్వాత వెళ్ళి కాళ్ళకి నూనె రాశాను.

జూన్ 16, రిజిస్ట్రారాఫీసు వరండా

చేతులు ఊరికే ఉంచలేక రాస్తున్నాను.

పదకొండుకే అందరూ వచ్చారు. ఫీల్డాఫీసరు డి.డి. ఉన్న సంచీని ఒళ్ళోంచి దించడం లేదు. రంగయ్య గారు దస్తావేజు చూపించాడు. ఆకుపచ్చ గుడ్డలో చుట్టి ఉంది. లాయరు గారు పేజీలన్నీ తిప్పి తలూపాడు. కాగితాలు టైపయ్యాయి. ఒక్క కోటేశ్వరరావు గారే లేడు.

ఒంటిగంట. లేడు.

ఈయన ఎస్టీడీ బూత్ నుంచి వాళ్ళూరు ఫోన్ చేశాడు. కోటేశ్వరరావు గారి భార్య ఎత్తింది. "పొద్దున్నే తలంటుకుని బయల్దేరాడే! అక్కడికి రాలా?" అందట. ఈయన మొహం తెల్లగా పాలిపోయింది.

నేను నర్సుని. అప్పుల్లో ఉన్న రైతు తలంటుకుని ఇంట్లోంచి వెళ్ళి, చేరాల్సిన చోటికి చేరకపోతే, సాయంత్రానికి ఏ వార్డుకి తెస్తారో నాకు తెలుసు. ముక్కుకి గొట్టం వేసి కడుపు కడిగేది మేమే. ఈయన స్కూటరు తీసుకుని కాలువ రోడ్డు వైపు వెళ్ళాడు.

రంగయ్య గారు గోడ గడియారం చూసుకుంటున్నాడు. ఫీల్డాఫీసరు "నాలుగు దాటితే ఇవాళ్టికి లేదమ్మా" అంటున్నాడు.

దేవుడా, ఆయనకేం కాకూడదు. ఏమీ కాకూడదు. అలా అనుకుంటూనే... సంతకం పెట్టేశాక అయితే బాగుండేదని ఒక మాట మనసులోకి వచ్చింది. వచ్చింది. రాయకుండా ఉండలేను. నా మీద నాకే అసహ్యం వేసి లేచి పంపు దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

జూన్ 16, రాత్రి

ఆఫీసు మూశారు. రేపు మధ్యాహ్నం దాకానే ఆగుతానని రంగయ్య గారు అన్నాడు. ఊళ్ళో చుట్టాలింట్లో ఉంటాడట. ఈయన ఎక్కడా దొరకలేదంటూ తిరిగొచ్చాడు.

ఇంటికొస్తే... వరండాలో కోటేశ్వరరావు గారు. అత్తయ్య అన్నం పెడుతోంది.

పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడట. ఆఫీసుకి వెళ్తూ ఒకసారి ఇల్లు చూసి పోదామని వచ్చి కూలబడ్డాడట. "ఏదో దిగులుగా ఉన్నాడే, మీరొచ్చేదాకా కూర్చోమన్నా" అంది అత్తయ్య. మేం అక్కడ చచ్చి బతుకుతుంటే! ఈవిడకి ఆఫీసులో ఆయన కోసమే కూర్చున్నామని తెలియదు, నేనే వివరంగా చెప్పలేదు.

మజ్జిగ గ్లాసు పెట్టే నెపంతో దగ్గరికి వంగి ఆయన ఊపిరి వాసన చూశాను. పురుగుమందు వాసన లేదు. పచ్చి ఉల్లిపాయ వాసన. కళ్ళ పాపలు చూశాను. బానే ఉన్నాయి. అప్పుడు మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.

"రేపొస్తానమ్మా. ఇయ్యాల కాళ్ళు రాలా."

"మీ ఇంటికి ఫోన్ చేసి చెప్తాం, ఈ పూట ఇక్కడే ఉండండి" అన్నాను. ఈయన నా వంక చూశాడు. మా ఇద్దరికీ తెలుసు, పంపితే ఏ దారి పట్టుకుంటాడో. ఆయన చొక్కా మేకుకి తగిలించినప్పుడు జేబులు తడిమాను. చుట్టలు, అగ్గిపెట్టె, బస్సు టిక్కెట్టు. పెరట్లో చీమల మందు డబ్బా ఉంటే తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టొచ్చాను. పక్కింటావిడ ఏమనుకుందో.

వరండాలో మంచం వేశాం. తను కట్టుకున్న ఇంట్లో చుట్టం లాగా పడుకున్నాడు. దుప్పటి ఇస్తే నమస్కారం పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది.

జూన్ 17

తెల్లారింది. పాలు కాస్తున్నాను. ఆఫీసు పదిన్నరకి తెరుస్తారు.

ఆయన ఇంకా లేవలేదు. గోడ వైపు తిరిగి ఉన్నాడు. తలుపు సందులోంచి చూశాను, దుప్పటి కదులుతోందా లేదా అని. కదిలింది. స్టవ్ దగ్గరికొచ్చి నిలబడలేక మళ్ళీ వెళ్ళి చూశాను.

మొదటిసారి ఆయన కోసమే చూశాను. రెండోసారి సంతకం కోసం చూశానేమో... నాకే తెలియడం లేదు.